పసిరిక పిట్టల గట్టు

మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. రిటైరై నాలుగేళ్ళు దాటినా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ కండక్టర్ గారే. గొంతు కూడా ఉద్యోగంలో ఉన్నట్టే ఉండిపోయింది. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్కవీధికి వినపడేది.

నెలలో మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ మేడమీద హాల్లో ఆయన పిట్టల గురించి మాట్లాడేవారు. ఎవరైనా రావచ్చు, వినొచ్చు. మైకు పెడతామంటే వద్దనేవారు. "కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించినవాణ్ణి, ఈ హాలొక లెక్కా?" అనేవారు. వచ్చినవాళ్ళు మొహమాటపడి గుమ్మం దగ్గరే నిలబడిపోతే, "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి, లోపలంతా ఖాళీయే" అని అరిచేవారు. జనం నవ్వుకుంటూ జరిగేవారు. ఆ నవ్వుతో సగం బెరుకు పోయేది.

ఆయన చదువు పదో తరగతితో ఆగిపోయింది. పిట్టల సంగతులన్నీ బస్సు కిటికీలోంచి చూసి, ఆ లైబ్రరీ పుస్తకాల్లోనే వెతుక్కుని నేర్చుకున్నారు. తప్పు చెబితే పట్టుకునే మనిషి మాత్రం ఇంట్లోనే ఉండేది. మా అమ్మాయి. మాకు ఒక్కతే కూతురు. హాల్లో ప్రొజెక్టరు మీద బొమ్మలు మార్చే పని దానిదే. ఆయన ఈక రంగు ఒకటి బదులు ఇంకొకటి చెప్పారంటే అక్కణ్ణుంచే, "నాన్నా, అది ఆడపిట్ట" అనేది. "చూశారా, చెకింగ్ ఇన్స్పెక్టర్ ఎక్కింది" అనేవారు ఈయన. ఇంట్లో కూడా దాన్ని ఇన్స్పెక్టర్ గారనే పిలిచేవారు. కళ్ళజోళ్ళ షాపులో జనానికి చూపు పరీక్ష చేయడం దాని ఉద్యోగం. వాళ్ళ నాన్నకి దూరపు చూపు తగ్గిందని మొదట కనిపెట్టిందీ అదే. డాక్టరు చార్టు చూసి కాదు, తీగ మీద గోరింకని చూసి గువ్వ అన్నందుకు.

నాకు పిట్టల గొడవ పెద్దగా పట్టదు. ఇంటి ముందుగదిలో చిన్న జిరాక్స్ షాపు నడుపుతాను. మీటింగుకి రమ్మని పంచే కాగితాలు పసుపురంగు పేపరు మీద నేనే తీసిచ్చేదాన్ని. అదే నా పాత్ర.

అసలు సంగతి పసిరిక పిట్టలది. అరచేతిలో ఇమిడిపోయేంత పిట్ట. ఒళ్ళంతా లేతాకు రంగు, కళ్ళకి కాటుక సాగదీసినట్టు నల్లటి గీత, తోక మధ్యలోంచి సూదుల్లా పొడుచుకొచ్చిన ఈకలు. గాల్లోనే తేనెటీగని పట్టుకుని, తెచ్చి కొమ్మకేసి బాది బాది, కొండి ఊడిపోయాక మింగుతుంది. చెట్టు మీద గూడు కట్టదు. మట్టిగోడకి అడ్డంగా మనిషి చెయ్యంత లోతున బొరియ తవ్వి, దాని చివర గుడ్లు పెడుతుంది.

అమ్మాయికి పధ్నాలుగేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో ఏమీ తోచక వాళ్ళ నాన్న బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్ళింది. అక్కడ బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. డ్రైవరు టీ తాగుతూంటే ఇది స్టాపు వెనక్కి నడుచుకుంటూ పోయింది. అక్కడ ఇటుకల కోసం మట్టి తవ్వి వదిలేసిన పెద్ద గుంత ఉంది. గుంతకి ఒకవైపు గట్టు రెండు నిలువుల ఎత్తున గోడలా నిలబడి ఉంది. ఆ గోడనిండా కన్నాలు, కన్నాల్లోకి దూసుకుపోతున్న పచ్చటి పిట్టలు. పరుగెత్తుకొచ్చి వాళ్ళ నాన్న చెయ్యి పట్టి లాక్కుపోయిందట. ఆ రోజు బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యం. ఆయన సర్వీసులో అదొక్కటే మెమో.

ఆ ఏడాది తొమ్మిది బొరియలు. అప్పట్నించి ఏటా లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేది. ఏ తేదీన వచ్చాయి, ఏ బొరియలో పిల్లలు అరుస్తున్నాయి, ఎన్ని ఎగిరిపోయాయి, అన్నీ రాసేది. పదమూడేళ్ళకి ఆ తొమ్మిది నలభై ఒకటి అయ్యాయి. నోటుబుక్కు మొదటి పేజీలో తనే గీసిన మ్యాపు ఉండేది. బస్టాపు, కాలిబాట, తుమ్మచెట్టు, గట్టు. "చూసేవాళ్ళు ఇక్కడే ఆగాలి" అని చెట్టు దగ్గర ఒక గీత కూడా గీసింది. చూసేవాళ్ళు ఇద్దరే, తనూ వాళ్ళ నాన్నా.

"నాన్నా, నీ మీటింగుల్లో ఏ పిట్ట గురించైనా చెప్పుకో. ఈ గట్టు ఎక్కడుందో మాత్రం చెప్పకు" అని మొదటి ఏడాదే మాట తీసుకుంది. ఆయన నిలబెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే, "బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి, అవే కనపడతాయి" అని తప్పించుకునేవారు.

ఆ పదమూడో ఏడు మీటింగులకి జనం పలచబడ్డారు. స్వెట్టర్లు అల్లుకుంటూ వినే అక్కచెల్లెళ్ళిద్దరు, కుర్చీలో కూర్చోగానే కునుకుతీసే రిటైర్డ్ గుమాస్తా, లైబ్రరీ వాచ్‌మన్, నేను, అమ్మాయి. అంతే. ఆ రోజు మీటింగయ్యాక లైబ్రరియన్ ఆయన్ని పక్కకి పిలిచింది. మంచి మనిషి, చెప్పడానికి చాలా ఇబ్బంది పడింది. "కండక్టర్ గారూ, ఈ హాలు కంప్యూటర్ క్లాసులకి ఇచ్చేయమని పైనుంచి కాగితం వచ్చింది. కనీసం ముప్పై మంది వస్తున్నారంటే నేనేదో ఒకటి రాసి ఆపగలను. ఆరుగురంటే ఏమని రాయను?"

ఇంటికొచ్చేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకుండా నడవడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడడం.

మా ఊళ్ళో ఫోటోలు తీసేవాళ్ళ కెమెరా క్లబ్బు ఒకటి ఉంది. తర్వాతి నెల వాళ్ళకి ఎవరు చెప్పారో, ఒక్కసారిగా ముప్పై, నలభై మంది దిగారు. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఆయన ముఖం చూడాలి. పండగ బస్సు ఎక్కినవాడిలా వెలిగిపోయారు. ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. తెర మీద పసిరిక పిట్ట బొమ్మ పడింది. అమ్మాయి తీసిన ఫోటో. హాలంతా 'అబ్బ' అంది.

క్లబ్బు ప్రెసిడెంటు లేచాడు. మందుల కంపెనీలో ఉద్యోగం, మర్యాదస్థుడు. "కండక్టర్ గారూ, ఎంతసేపూ బొమ్మల్లో చూడ్డమేనా? దీన్ని మన ఊళ్ళో నిజంగా చూసే యోగం ఉందా?" అన్నాడు.

ఆయన ఆగారు. నేను ఆయన వెనకాల గోడవారగా కూర్చున్నాను, నాకు ఆయన చేతులే కనపడుతున్నాయి. టికెట్లు చింపేవాడిలా బొటనవేలు చూపుడువేలికి రాసుకుంటున్నారు. అమ్మాయి గబుక్కున బొమ్మ మార్చేసింది. తెర మీద కొంగ వచ్చింది.

"ఉంది" అన్నారు ఆయన. "ఒకటీ రెండూ కాదు, ఎనభై పిట్టలున్నాయి. ఆఖరి స్టాపు వెనకాల."

చప్పట్లు మోగాయి. లైబ్రరియన్ కూడా కొట్టింది. అమ్మాయి ప్రొజెక్టరు ఆపేసి, వైరు చుట్టడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా అడిగింది. "చెప్పనన్నావు కదా నాన్నా?"

"నోరు జారిందమ్మా."

"జారలేదు. ఆలోచించి చెప్పావు. నేను చూశాను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చూడమ్మా, మన ఇద్దరికే తెలిస్తే ఏం లాభం? రేపు ఎవడో ఆ గుంత పూడ్చేస్తానంటే అడ్డం నిలబడేవాడు ఒక్కడైనా ఉంటాడా? జనం కళ్ళారా చూడాలి. చూస్తేనే ఇష్టం పుడుతుంది."

"మన ఇష్టంతో వాటికి పనేముంది నాన్నా? ఇప్పుడు పిల్లల్ని పెట్టే రోజులు. ఆ ప్రెసిడెంటుకి ఫోన్ చేసి, పొరపాటున చెప్పాను, ఈసారికి రావద్దని చెప్పు. నా కోసం."

"సరే చేస్తాను" అన్నారు. నిజంగా చేద్దామనే అనుకున్నారు, ఆ మాట నేను నమ్ముతాను. కానీ పొద్దున్నే ఆ ప్రెసిడెంటే ఫోన్ చేశాడు. ఇరవై మందికి మించకుండా వస్తామని, మీరే దగ్గరుండి చూపించాలని, మీరెక్కడ ఆగమంటే అక్కడే ఆగుతామని ఎంతో పద్ధతిగా మాట్లాడాడు. "లైబ్రరీ వాళ్ళకి కూడా చెప్పాం సార్, మీ మీటింగులు ఆగకూడదని మా క్లబ్బు తరఫున ఉత్తరం రాస్తున్నాం" అన్నాడు. ఈయన ఫోన్ పెట్టేసి, నా షాపులోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో అమ్మాయి నోటుబుక్కు. అమ్మాయి అప్పటికే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళిపోయింది.

"ఈ మొదటి పేజీ ఒక యాభై కాపీలు తియ్యి" అన్నారు.

"దాన్ని అడిగారా?"

"ఎక్కడ ఆగాలో అందులో గీత గీసి ఉందే. ఇది చేతిలో ఉంటే అందరూ ఆ గీత దగ్గరే ఆగుతారు. దానికీ మంచిదేగా?"

నేను ఆలోచించాను. మరీ ఎక్కువసేపు ఆలోచించానని చెప్పలేను. ఇంట్లో ఆయన ముఖంలో నెల రోజుల తర్వాత నవ్వు చూస్తున్నాను. నోటుబుక్కు అద్దం మీద బోర్లించి మీట నొక్కాను.

తర్వాతి ఆదివారం నేనూ వెళ్ళాను. పదమూడేళ్ళలో మొదటిసారి ఆ గట్టు చూడ్డం. ఇరవై అనుకుంటే అరవై మంది వచ్చారు. అయినా ఆయన తాడు కట్టి, బస్సులో క్యూ నిలబెట్టినట్టు నిలబెట్టి, ఒక్కొక్కరికీ బైనాక్యులర్స్ ఇచ్చి చూపించారు. స్వెట్టర్ అక్కచెల్లెళ్ళలో పెద్దామె చూసి, "ఓలమ్మో, దాని కంటికి కాటుకెవరు పెట్టారే!" అని చిన్నపిల్లలా అరిచింది. గట్టులోంచి పిల్లల అరుపు సన్నగా, గజ్జెలు కదిలించినట్టు వినపడుతోంది. ఇంతకాలం ఎందుకు రాలేదా అనిపించింది. అబద్ధం చెప్పను, ఆ పూట మాకు ఎంతో సంతోషంగా గడిచింది. అమ్మాయి మాత్రం రాలేదు. షాపులో పని ఉందంది.

సోమవారానికి మ్యాపు ఫోన్లలోకి ఎక్కింది. ఎవరు ఎవరికి పంపారో తెలీదు. క్లబ్బుతో సంబంధం లేనివాళ్ళు, పక్క ఊళ్ళవాళ్ళు, పెద్ద పెద్ద లెన్సులు మోసుకుని దిగారు. తాడు తీసి పక్కన పడేశారు. గట్టుకి పదడుగుల దూరంలో మడత కుర్చీలు వేసుకుని, గుడారాలు వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నారు. పిట్టలు నోట్లో తూనీగతో వచ్చి, మనుషుల్ని చూసి బెదిరి, గాల్లో గిరగిర తిరిగి, మళ్ళీ తీగ మీదికి పోయి కూర్చునేవి. మేత నోట్లోనే ఉండేది. లోపల పిల్లలు అరుస్తూనే ఉండేవి.

అమ్మాయి సెలవు పెట్టి రోజూ వెళ్ళింది. "కొంచెం వెనక్కి జరగండి, అవి లోపలికి పోలేకపోతున్నాయి" అని ఒక్కొక్కరినీ బతిమాలింది. కొందరు జరిగేవారు, ఇది అటు తిరగ్గానే మళ్ళీ ముందుకొచ్చేవారు. ఈయన కూడా వెళ్ళి అరిచారు. ఆ గొంతుకి పిట్టలే ఎక్కువ బెదిరాయి. బుధవారంనాడు ఒకాయన అమ్మాయి మీద విసుక్కున్నాడట. "నువ్వెవరమ్మా మధ్యలో? కండక్టర్ గారే రమ్మన్నారు. ఇదిగో, మ్యాపు కూడా ఇచ్చారు" అని జేబులోంచి కాగితం తీసి చూపించాడు. అది అమ్మాయి దస్తూరి. పధ్నాలుగేళ్ళప్పటి గుండ్రటి దస్తూరి.

ఆ సాయంత్రం ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. మేమిద్దరం ఎదురుగా ఉన్నాం.

"ఇది కాపీ ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆయన అన్నారు. "నేనే. లైబ్రరీలో తీయించాను."

నావైపు చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. నేను చెప్పాల్సింది ఒక్క మాట.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం గట్టు విరిగిపడింది. పైనుంచి ఫోటో బాగా వస్తుందని అయిదారుగురు గట్టు అంచుకి ఎక్కారు. ఎండకి ఎండి పగుళ్ళిచ్చిన మట్టి, అంత బరువు ఆపలేకపోయింది. ఒకాయనకి కాలు బెణికింది. గోడలో సగానికి పైగా కిందికి జారి కుప్పగా పడింది. జనం కాలు బెణికినాయన చుట్టూ చేరారు. ఆ తర్వాత ఒక్కొక్కరే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ప్రెసిడెంటు, ఇంకో నలుగురు మాత్రం ఉండిపోయి తవ్వారు. అమ్మాయి చేతుల్తో తవ్వింది. వాళ్ళ నాన్న పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని తవ్వారు. పైన పిట్టలన్నీ అరుస్తూ తిరుగుతూనే ఉన్నాయి. గోళ్ళలోంచి రక్తం వస్తున్నా అమ్మాయి ఆగలేదు. చచ్చిపోయిన పిల్లల్ని వరసగా ఒక చున్నీ మీద పెట్టింది. లెక్కపెట్టడం అలవాటు కదా, లెక్కపెట్టబోయి సగంలో ఆపేసింది.

బతికున్నవి ఏడు దొరికాయి. ఈకలు ఇంకా ముళ్ళలా ఉన్నాయి. మట్టి పట్టిన చిన్న చిన్న నోళ్ళు. చెప్పుల డబ్బాలో తువ్వాలు పరిచి ఇంటికి తెచ్చాం. వెచ్చగా ఉండాలని నా జిరాక్స్ మెషిన్ పక్కన పెట్టాం. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఊపిరిలోకి మట్టి పోయిందన్నాడు. "ప్రయత్నం చేయండి" అన్నాడు, అంతకంటే ఏమీ అనలేదు.

ఆ తొమ్మిది రోజులు మా ఇంట్లో వేరే మాట లేదు. ఆయన దోమతెర గుడ్డ తీగకి కుట్టి వల చేసుకుని, తెల్లారగానే పొలాల్లోకి పోయి మిడతల్ని, తూనీగల్ని, సీతాకోకల్ని పట్టుకొచ్చేవారు. అరవై రెండేళ్ళ మనిషి గడ్డిలో మిడత వెంట గెంతుతూంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారట. అమ్మాయి కళ్ళజోడు మరలు బిగించే చిన్న పట్టకారుతో వాటిని మెత్తగా చేసి ఒక్కొక్క నోట్లో పెట్టేది. అరగంటకొకసారి. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలన్నీ అవే. "మూడోది తినలేదు." "నీళ్ళు ఒక్క చుక్కే." "ఇంకా మెత్తవి తీసుకురా." "సరేనమ్మా." ఆ 'అమ్మా' అనడంలో ఆయన ఎంత కూడగట్టుకుని పెట్టేవారో నాకు తెలుసు. అది తలెత్తేది కాదు.

మొదటి రోజే రెండు పోయాయి. మూడో రోజు ఇంకో రెండు. ఏడో రోజుకి ఒక్కటే మిగిలింది. అది గట్టిపిండం. ముళ్ళు విచ్చుకుని వీపు మీద ఆకుపచ్చ కనపడింది. కాటుక గీత కూడా పడింది. ఈయన గుమ్మంలోంచి మాట్లాడితే చాలు, ఆ గొంతు విని నోరు తెరిచేది. ఒకసారి ఆయన వీధిలో ఎవరినో పలకరిస్తూంటే ఇది లోపల నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. అది చూసి అమ్మాయికి నవ్వొచ్చింది. అప్పుడే ఆయన లోపలికొచ్చారు, ఆ నవ్వు చూశారు. ఒక్క క్షణం. నాకు ఇంట్లో దీపం పెట్టినట్టయింది. అంతా సర్దుకుంటుందనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్న అమ్మాయి డబ్బా మూత తీసి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత తువ్వాలు అంచు మడిచి కప్పింది. ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చారు. ఒళ్ళంతా పల్లేరుకాయలు, చేతిలో వల, వలలో మూడు మిడతలు ఇంకా ఎగురుతున్నాయి.

"ఇంక వద్దు నాన్నా" అంది.

ఆయన పెరట్లోకి పోయి, వల తిరగేసి, మిడతల్ని ఒక్కొక్కటీ గడ్డిలో వదిలేశారు.

అదే ఆయనతో దాని ఆఖరి మాట. పదిహేను రోజుల్లో వేరే ఊళ్ళో ఉన్న బ్రాంచికి మార్పించుకుంది. బయల్దేరిన రోజు దాని పెట్టె ఆయనే మోసుకెళ్ళి బస్సులో పెట్టారు. కండక్టరు తెలిసినవాడే. "మా అమ్మాయి, జాగ్రత్తగా దింపు" అని చెప్పారు. అది కిటికీ అవతలి వైపు చూస్తూ కూర్చుంది. బస్సు కదలడానికి ఇంజను అదురుతోంది. ఈయన ఏమనాలో తెలీక, అలవాటు కొద్దీ బస్సు రేకు మీద రెండుసార్లు చరిచి, "రైట్, రైట్" అన్నారు. బస్సు వెళ్ళిపోయింది. దాన్ని తనే పంపించేసినట్టయిందని ఇంటికొచ్చాక నాతో అన్నారు.

హాలు కంప్యూటర్ క్లాసులకి పోలేదు. క్లబ్బువాళ్ళ ఉత్తరం పనిచేసింది. కానీ ఈయనే వెళ్ళలేదు. ప్రెసిడెంటు రెండుసార్లు ఇంటికొచ్చి కంటనీరు పెట్టుకున్నాడు. అతని తప్పూ పెద్దగా లేదు. ఈయనే అతన్ని ఓదార్చి పంపారు.

మరుసటి వేసవిలో ఆయన రోజూ ఆఖరి స్టాపుకి వెళ్ళి, తుమ్మచెట్టు దగ్గర కూర్చుని వచ్చేవారు. ఒకే ఒక్క జంట వచ్చిందట. రెండు రోజులు తీగ మీద కూర్చుని, విరిగిన గట్టు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. నెలాఖరున ఆయనే లైబ్రరియన్ దగ్గరికి వెళ్ళి, "ఒక్క గంట హాలివ్వమ్మా" అని అడిగారు. కాగితం మీద ఆయనే రాసిచ్చారు: "నేను చేసిన తప్పు గురించి. కండక్టర్." నేను ముప్పై కాపీలు తీశాను.

పధ్నాలుగు మంది వచ్చారు. బొమ్మల్లేవు, ప్రొజెక్టరు లేదు. ఆయన నిలబడి, మొదటి రోజు నుంచి జరిగిందంతా చెప్పారు. మెమో సంగతి, నోటుబుక్కు, ఇచ్చిన మాట. గొంతు ఎంత చిన్నగా ఉందంటే, స్వెట్టర్ పెద్దామె, "కొంచెం గట్టిగా చెప్పండి కండక్టర్ గారూ" అనాల్సొచ్చింది. "హాలు నిండింది కదా అని చెప్పేశాను. పిట్టల కోసమని మా అమ్మాయితో అన్నాను. కాదు. చప్పట్ల కోసం" అన్నారు. "మ్యాపు మా అమ్మాయిది. దానికి చెప్పకుండా తీసుకున్నాను. ఇక్కడే, ఈ లైబ్రరీలోనే కాపీలు తీయించాను."

లైబ్రరియన్ తలెత్తి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

అమ్మాయి ప్రతి బుధవారం మధ్యాహ్నం, తన షాపులో జనం లేని వేళ ఫోన్ చేస్తుంది. నా మోకాళ్ళు, షాపు, మందులు, అన్నీ అడుగుతుంది. ఆయన గురించి అడగదు. ఆయన పక్కనే కూర్చుని, సర్దిన కాగితాలే మళ్ళీ సర్దుతూ వింటారు. ఆ మీటింగు తర్వాత వచ్చిన బుధవారం ఫోనెత్తగానే నేను ఆగలేకపోయాను.

"ఒక మాట చెప్పాలి. ఆ కాపీలు తీసింది నేను. ఇక్కడే, మన మెషిన్ మీద. నన్ను కాపాడ్డానికి నాన్న అలా అన్నారు."

"తెలుసమ్మా" అంది.

"ఎప్పట్నించి?"

"ఆ రోజు నుంచే. లైబ్రరీలో జిరాక్స్ మెషిన్ ఎక్కడుంది?"

"మరి నాతో ఎందుకు మాట్లాడుతున్నావే?"

"ఇద్దర్నీ పోగొట్టుకుంటే నాకింకెవరున్నారమ్మా?" అంది. ఏడుస్తోందని తెలుస్తోంది.

"ఇక్కడే ఉన్నారే. ఒక్కసారి ఇస్తాను, నాన్నా అని ఒక్క మాట అను చాలు."

"ఇవాళ కాదమ్మా" అని పెట్టేసింది.

ఆయన నావైపు చూస్తున్నారు. ఆయనకి నా మాటలే వినపడ్డాయి, కానీ మిగతాది అర్థమయ్యే ఉంటుంది. "ఎందుకు చెప్పావే?" అన్నారు. కోపం కాదు, భయం. "నీతోనైనా మాట్లాడుతోందని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు అదీ మానేస్తే?"

తర్వాతి బుధవారం ఫోన్ రాలేదు. మేమిద్దరం సాయంత్రం దాకా షాపులోనే కూర్చున్నాం, అన్నాలు కూడా తినలేదు. ఆ పై బుధవారం వచ్చింది. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. నేను కొంచెం నయమన్నాను. ఇంకా ఎవరి గురించైనా అడుగుతుందేమోనని ఆగాను. ఆయన కూడా కాగితాలు సర్దడం ఆపారు.

"సరేనమ్మా, ఉంటాను. కస్టమర్ వచ్చారు" అంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ అలాగే చేస్తోంది. ఈమధ్య ఫోన్ మోగగానే ఆయన లేచి పెరట్లోకి పోతున్నారు. తను అక్కడుంటే అది స్వేచ్ఛగా మాట్లాడలేదేమోనని. నేను వద్దన్నా వినరు. మాట్లాడడం అయిపోయాక పిలిస్తే వచ్చి, గుమ్మంలో నిలబడి, "బాగుందటా?" అని అడుగుతారు. బాగుందట అని చెబుతాను.